లోపల ఎవరూ లేని వేషం

మరీజ్ పని మొక్కల్ని తలకిందులుగా ముంచడం. క్యుబెక్ నగరం చివర ఒక గ్రీన్‌హౌస్ నిండా పొగాకు జాతి మొక్కలు. వాటిని కుండీలతో సహా తిప్పి, ఆకుల్ని తొట్టిలో ముంచుతారు. తొట్టిలో ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది. ఫ్లూ వైరస్ పైతొడుగు ఎలా తయారు చేయాలో అది ఆకుకి నేర్పుతుంది. వారం తిరిగేసరికి ఆకుల నిండా తొడుగులే. చూడ్డానికి అచ్చం వైరస్సే, లోపల మాత్రం రోగం పుట్టించే సరుకు ఏమీ ఉండదు. వాటిని వేరుచేసి టీకా తయారు చేస్తారు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పనికి ఈ చలికాలమే అనుమతి వచ్చింది. గ్రీన్‌హౌస్‌లో అందరూ కేకు కోసుకున్నారు.

నది మధ్య దీవిలో ఉండే వాళ్ళమ్మ జెర్మెన్ మాత్రం అడిగినవాళ్ళకల్లా ఒకటే చెప్పేది: "మా అమ్మాయా? పట్నంలో పొగాకు పండిస్తోంది."

జెర్మెన్ వేషాలు కుడుతుంది. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం సగానికి వచ్చాక దీవిలో వేషాల వారం. జనం ముసుగులు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, ఇంట్లోవాళ్ళు ఎవరెవరో కనిపెట్టాలి. దొరికినవాళ్ళు ముసుగు తీయాలి, అదే ఆట. జెర్మెన్ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. గొంతు మార్చినా, కుంటినా, భర్త బూట్లు భార్య తొడుక్కొచ్చినా, కుర్చీలోంచి లేవకుండా పేరు చెప్పేస్తుంది.

ఒక్క వేషం సంగతి వేరు. మరీజ్ చిన్నప్పుడు జెర్మెన్ తన భర్త ఆర్మాన్ కోసం నీలం మఖమల్ కోటు కుట్టింది. దాన్ని వేసుకోకుండానే అతను ఫ్లూతో పోయాడు. వేషాల వారం రాగానే ఆ కోటు మేకు మీంచి దిగి, టోపీ పెట్టుకుని, తెల్ల ముసుగు వేలాడదీసుకుని అందరితో పాటు బయల్దేరింది. అంత కుట్టుపని వృథా ఎందుకు పోవాలిలే అనుకుని, ఊళ్ళోవాళ్ళు దానికీ ఓ కుర్చీ వేశారు. అప్పట్నుంచి ఏటా వస్తుంది. జెర్మెన్ "లోపల ఎవరూ లేరు" అంటుంది. అది ముసుగెత్తి, ఖాళీ టోపీ చూపించి, వంగి దండం పెట్టి కూర్చుంటుంది.

నిరుడు ఫ్లూ జెర్మెన్‌ని పట్టింది. గడ్డకట్టిన నది మీదుగా హెలికాప్టర్‌లో ఆసుపత్రికి మోసుకుపోయారు. ఇంకోసారి వస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు తేల్చి చెప్పాడు. అందుకే మరీజ్ ఈసారి వేషాల వారానికి ముందే వచ్చి అమ్మని పట్టుకుంది.

"ఒక్క సూది అమ్మా. చీమ కుట్టినంత."

"మీ నాన్నని మింగినదాన్ని నా ఒంట్లోకి ఎక్కిస్తానంటావేమిటే?"

"అది కాదమ్మా. దాని పైతొడుగు, అంతే. లోపల ఏమీ ఉండదు. ఒకసారి చూపిస్తే ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలుది వస్తే గుమ్మంలోనే పట్టుకుంటుంది."

"పొగాకువాళ్ళు ఇలాగే తియ్యగా మాట్లాడతారు. మీ తాత ఆ మాటలు నమ్మే దగ్గి దగ్గి పోయాడు."

అనుమతులిచ్చే పెద్దలందరూ ఒప్పుకున్నా అమ్మ ఒప్పుకోకపోయేసరికి మరీజ్ వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడయ్యేలా కడిగింది.

వేషాల వారం మొదలైన సాయంత్రం వేషాలు వచ్చాయి. ముందు నడిచే కోడిపుంజు చేతిలో ఐసు పెట్టె.

"యుగెట్!" అంది జెర్మెన్. "మందుల వాసన దాచలేవే తల్లీ."

దీవి నర్సు యుగెట్ కోడి తల తీసి చంకలో పెట్టుకుంది. "సరే. ఈ ఏడు కొత్త షరతు. దొరికినవాళ్ళు ముసుగు తీయాలి, చొక్కా చెయ్యి పైకి మడవాలి. మరీజ్ వాళ్ళ టీకా సూది నా దగ్గరుంది."

"భేషుగ్గా ఉంది. నేను వేషం వేయలేదుగా, నాకు వర్తించదు" అని జెర్మెన్ కాలు మీద కాలేసుకుంది.

ఇక వరసపెట్టి పేర్లు చెప్పింది. గొర్రె వేషంలో ఉన్నది పక్కింటి రోజేర్. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా ఆమె దగ్గర నెగ్గినవాడు కాదు. సూది పడుతుంటే "ఏటా ఇదే ఖర్మ" అని మూలిగాడు.

చివర్న నీలం కోటు.

"లోపల ఎవరూ లేరు" అంది జెర్మెన్.

కోటు దండం పెట్టి చెయ్యి చాపింది. యుగెట్ ఖాళీ చేతిలోకి తొంగి చూసింది. "దీనికి ఎక్కడ పొడవనే?" ఇల్లంతా ఒకటే నవ్వు.

కోటు కూర్చోలేదు. నెమ్మదిగా తన బొత్తాలు తనే విప్పుకుంది. జెర్మెన్ కుర్చీ వెనక్కి వెళ్ళి ఆమె భుజాల మీద వాలింది, టోపీ తల మీద పెట్టింది, తెల్ల ముసుగు ముఖం మీదికి జార్చింది.

రోజేర్ ఎగిరి గంతేశాడు. "జెర్మెన్! జెర్మెన్! దొరికిపోయావ్!"

జెర్మెన్ కోటు అంచు తడిమింది. ముసుగు వెనక నుంచి "ఆర్మాన్ భుజాలు వెడల్పు. నాకు వదులు" అన్న మాట మాత్రం వినబడింది. తర్వాత ముసుగు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆటంటే ఆటే" అని చెయ్యి మడిచింది. "కానీయ్, కోడిపుంజూ."

మరీజ్ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

మళ్ళీ చలికాలం తిరిగేసరికి దీవి మీద ఫ్లూ విరుచుకుపడింది, బడి మూశారు. అమ్మ దగ్గుతోందని తెలిసి మరీజ్ బుల్లి విమానం ఎక్కింది. కుర్ర పైలట్ ఆమె పెట్టె ఇంటిదాకా మోసుకొచ్చాడు. తలుపు తీస్తే, జెర్మెన్ పొయ్యి దగ్గర నిలబడి మేపుల్ పాకం కలుపుతోంది. బల్ల మీద కొత్త వేషాల గుడ్డలు.

"వచ్చిందే అది" అంది గరిటె ఆపకుండా. "దాని వేషం నాకు ముందే చూపించావుగా. రెండు దగ్గులు దగ్గించి, దొరికిపోయానని ముసుగు తీసి పోయింది."

పైలట్ నవ్వాడు. "ఓ, పొగాకు పండించే అమ్మాయి ఈవిడేనా?"

"ఎవడ్రా అన్నది?" జెర్మెన్ గరిటె పైకెత్తింది. "మా అమ్మాయి వేషాలు కుడుతుంది. నాకంటే సన్న కుట్టు. లోపల ఎవరూ ఉండరు."