మొదటి చేప

మా వంటింట్లో చేప వేగుతున్న వాసన వస్తోందని మొదట అన్నది ఔ టీచరమ్మ. పళ్లెంలో వంకాయ కూర పెట్టుకుంటున్న మనిషి గరిటె ఆపి, గాలి పీల్చి, "సొక్‌హుయీ, వెనకాల పాలబొంత చేప వేయిస్తున్నావేంటమ్మా?" అంది, కొట్టు నిండా జనం ఉండగా. అది చాంద్రమానం ఏడో నెల మొదటి రోజు. ప్రతి నెలా ఒకటో తారీఖునా పదిహేనునా తైనాన్‌లో సగం ఊరు మాంసం ముట్టదు, ఆ సగంలో సగం మా శాకాహార భోజనం కొట్లోనే ఉంటుంది. నాకసలే ముక్కు మీద కోపం. "మీ మాస్కు ఉతుక్కుని ఎన్నాళ్లయింది టీచరమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఆ వాసన నాకూ వచ్చింది.

మా వంటింట్లోకి చేప రాదు. గుడ్డు రాదు, పాలు రావు, ఉల్లీ వెల్లుల్లీ కూడా రావు. నేను కాపురానికి రాకముందు నుంచీ అంతే. మా ఆయన కియెన్‌బెంగ్‌కి ఐదేళ్లప్పుడు జ్వరం వచ్చి ప్రాణం మీదికొచ్చిందట. మా అత్తగారు గ్వాన్‌యిన్ అమ్మవారి ముందు మోకాళ్ల మీద కూర్చుని, బిడ్డ బతికితే ఈ గడపలోకి నెత్తురున్న జీవిని తిండిగా రానివ్వనని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. ఆ బిడ్డకి ఇప్పుడు యాభై దాటాయి. జుట్టు నెరిసింది. అయినా చలికాలంలో ఒక తుమ్ము వస్తే చాలు, మొక్కులో ఏదైనా తేడా జరిగిందా అని ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఆ మొక్కు ఎక్కడ తెగితే తన ఊపిరి అక్కడ ఆగిపోతుందని ఆయన భయం. నేను ఎంత వెక్కిరించినా ఆ భయం పోలేదు.

అత్తగారు ముందు గదిలోనే ఈ కొట్టు పెట్టింది. కొట్టుకి పేరు తెచ్చింది చేపే. నిజం చేప కాదు లెండి. సోయాపాల మీద కట్టే మీగడ పొరల్ని నానబెట్టి, మధ్యలో చేమదుంప ముద్ద పెట్టి చుట్టి, వీపున నాచు రేకు అంటించి, గోటితో పొలుసులు గీసి నూనెలో వేయించేది. పైన సన్నగా తరిగిన అల్లం. ముల్లు గుచ్చుకుంటుందేమోనని భయపడుతూ తినేవాళ్లు కొత్తవాళ్లు.

రోజూ మొదటి చేప మాత్రం వేలెడంత చేసేది. దాన్ని నీలం అంచు చిన్న గిన్నెలో పెట్టి, పుల్లలు పక్కన పెట్టి, వెనక గుమ్మం మెట్టు మీద ఉంచేది. "ఎవరికత్తయ్యా?" అని అడిగితే "దారినపోయే వాళ్లకిలే" అనేది. తిరుగాడే ఆత్మల్ని మేం దయ్యాలనం, మంచి అన్నదమ్ములంటాం. ఏడో నెలలో పాతాళం తలుపులు తీసినప్పుడు వాళ్లకి ఊరంతా పెడుతుంది. ఈవిడ ఏడాది పొడుగునా ఎందుకు పెడుతోందో నాకు బోధపడలేదు. చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

పోయిన చలికాలం ఆవిడ కన్నుమూసింది. ఆ చేప చేయాలంటే పూటంతా పడుతుంది, నా మణికట్లు ఒప్పుకోలేదు. కంపెనీవాళ్లు గడ్డకట్టించి అమ్మే సోయా చేపలు తెప్పించాను. ఒకరిద్దరు "మీ అత్త చేతి చేప కాదు" అని సణిగారు. అంతకుమించి గొడవేం జరగలేదు. వెనక మెట్టు మీద గిన్నె పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడీ వాసన. మధ్యాహ్నం ఎండ వాలి, సాయంత్రం వంటకి పొయ్యి వెలిగించే వేళకి సరిగ్గా వచ్చేది. కాలువలు కడిగించాను. పొగ గొట్టం ఊడదీయించాను. వెనక సందువాళ్ల గుమ్మం ముందు నిలబడి, ఏం వండుకుంటున్నారో చెప్పమని నిలదీశాను. "నూడుల్స్ తల్లీ, వచ్చి చూసుకో" అన్నారు పాపం. వాసనతో పాటే ఇంకొకటి మొదలైంది. వెనక తలుపు మీద ఎవరో తట్టేవాళ్లు. గట్టిగా కాదు, గిన్నె అంచుతో తట్టినట్టు టక్కు టక్కుమని. తీస్తే ఎవరూ ఉండరు. పిల్లి అనుకున్నాను. కానీ ఒకరోజు తలుపుకి చెయ్యి ఆనించి నిలబడ్డాను, ఆ చప్పుడు నా మోకాలి ఎత్తునుంచి వచ్చింది. చన్నీళ్లు పోసినట్టయింది నాకు. ఆ రోజు నుంచి సాయంత్రం ఒక్కదాన్నే వంటింట్లోకి వెళ్లడం మానేశాను.

జనం పలచబడ్డారు. నిప్పు లేందే పొగ రాదంటారు కదా. నిష్ఠగా ఉండేవాళ్లు ముందు మానేశారు. చివరికి ఔ టీచరమ్మ కూడా లోపలికి రాకుండా బయటే నిలబడి, "నాతో నిజం చెప్పమ్మా, ఎవరికీ చెప్పను" అంది. కియెన్‌బెంగ్ సరిగా తినడం మానేశాడు. "వాసన అమ్మదే. అమ్మకి ఏదో కావాలి. పదిహేనో తారీఖు పూజలో అడుగుతాను. అప్పటికీ అమ్మ తిననంటే కొట్టు మూసేద్దాం" అన్నాడు.

పదిహేనున కావోషియుంగ్ నుంచి ఆయన మేనత్త, సియు అత్త వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. వస్తూనే "కోడలా, ఇంత సన్నబడ్డావేంటి, మీ కొట్లో నువ్వే తినట్లేదా?" అంది. అత్తగారి పేరు పలక ఉన్న పెద్దల పీఠం ముందు బల్ల పరిచాం. అన్నం, పుట్టగొడుగుల పులుసు, వెదురు మొలకలు, కంపెనీ చేప. అగరొత్తులు సగం కాలాక కియెన్‌బెంగ్ పెద్దల మాట అడిగే నెలవంక చెక్కలు రెండూ దోసిట్లో పట్టుకుని, "అమ్మా, కడుపునిండా తిన్నావా?" అని అడిగి నేల మీద వేశాడు.

ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే తిన్నానని. అప్పుడే బల్ల ఎత్తాలి, అప్పుడే మేం తినాలి. రెండూ బోర్లా పడ్డాయి. మళ్లీ వేశాడు. మళ్లీ బోర్లా. అత్తగారు తిననంది.

"ఉప్పు తక్కువైందేమో అడుగు" అన్నాను, నవ్వించాలని. కాదంది. అన్నం చల్లారిందా? కాదు. ఎవరి మీదైనా కోపమా? కాదు. కూరల మీద నూనె గడ్డకడుతోంది. అంతలో వెనకనుంచి వచ్చింది వాసన, ఇంతకు ముందెప్పుడూ రానంత ఘాటుగా. సియు అత్త తల తిప్పి వంటింటి వైపు చూసింది.

కియెన్‌బెంగ్ ముఖం పాలిపోయింది. చెక్కల్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, వినీ వినబడనట్టు, "అమ్మా, చేప కావాలా?" అన్నాడు.

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

నమ్మలేక మళ్లీ వేశాడు. మళ్లీ అదే. ఆయన లేచి మేకుకున్న హెల్మెట్ తీసుకున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"చేపల బజారుకి."

"నీకేమైనా మతిపోయిందా? ఈ ఇంట్లోకి చేప తెస్తావా? మొక్కు సంగతేంటి?"

"అమ్మ ఆకలిగా ఉంది సొక్‌హుయీ. నన్ను బతికించడానికి అన్నేళ్లు నోరు కట్టుకుంది. ఇప్పుడు ఆకలిగా ఉంది. నాకేం జరిగితే అది జరుగుతుంది."

పైకి మామూలుగానే అన్నాడు కానీ ఆయన పెదాలు తెల్లబడ్డాయి. గడప దాటి చేప తెచ్చాక ఈ మనిషి బతకడని నాకు తెలిసిపోయింది. అమ్మవారు ఏం చేస్తుందో నాకు తెలీదు, ఆయన భయమే ఆయన్ని చంపుతుంది. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఏడుపొచ్చింది నాకు, కోపం కూడా వచ్చింది, చచ్చిన అత్త మీద.

"హెల్మెట్ దించరా" అంది సియు అత్త. "మీ అమ్మని సరిగ్గా అడగలేదు నువ్వు. చేప కావాలా అనడిగావు. ఎవరికని అడిగావా?"

"ఎవరికేంటత్తా?"

ముసలావిడ అగరొత్తుల వైపు తిరిగింది. "మీ అమ్మ ఉన్నన్నాళ్లూ నోరు మూసుకున్నాను. వాడికి తెలిస్తే తన బదులు అది పోయిందనుకుంటాడు, వాడి బతుకు నాశనం చేయకు, అని ఒట్టు వేయించుకుంది. ఇక ఆవిడే వాసన పంపిస్తుంటే నేనేం దాచను. నీకో చెల్లెలుండేదిరా. మూడేళ్లది. ఆ జ్వరం ఇద్దరికీ ఒకే వారంలో వచ్చింది. మీ అమ్మ ఇద్దరి కోసమూ మొక్కుకుంది. అమ్మవారు నిన్నొక్కడినే ఇచ్చింది. జ్వరం నుంచి లేచాక నీకు అది గుర్తే లేదు."

సియు అత్త వెనక తలుపు వైపు చెయ్యి చూపింది.

"దానికి చేపంటే ప్రాణం. సాయంత్రమయ్యేసరికి గిన్నె పట్టుకుని వెనక మెట్టు మీద కూర్చునేది, చేపలావిడ ఎప్పుడొస్తుందా అని. గిన్నెతో తలుపు కొట్టేది, ఇంకా వేయించలేదేంటని. పోయాక దాని పేరు పీఠం మీద పెట్టనివ్వలేదు మీ తాత. పెళ్లికాని ఆడపిల్లకి పుట్టింటి పీఠం మీద చోటెక్కడిదన్నాడు. అప్పుడందరి ఇళ్లలోనూ అంతే. అది బయటే ఉండిపోయింది. చేప పెడదామంటే మొక్కు. పెట్టకపోతే అది తినదు. అందుకని సోయా పొరల్తో కూర్చుంది మీ అమ్మ, అచ్చం చేపలా వచ్చేదాకా చేసింది. మరి మీ కొట్టు ఎలా పుట్టిందనుకున్నారు?"

కియెన్‌బెంగ్ నేల మీద కూలబడ్డాడు. "నా వల్లేనా అత్తా?" అన్నాడు.

"చూశావా, అందుకే చెప్పొద్దంది" అంది సియు అత్త, కళ్లు తుడుచుకుంటూ. "జ్వరం వల్లరా, వెర్రి నాయనా. ఎవరి వల్లా కాదు."

ఆయన చెక్కలు ఏరుకున్నాడు. "చేప చెల్లికా అమ్మా?" అని అడిగాడు. వేసిన ప్రతిసారీ ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

నేను వంటింట్లోకి వెళ్లాను. భయం లేదని చెప్పను, ఒళ్లంతా జలదరిస్తూనే ఉంది. అయినా ఒక చిన్నపిల్ల చలికాలం నుంచీ ఆకలితో ఉండి తలుపు కొడుతుంటే, నేను కాలువలు కడిగిస్తూ కూర్చున్నానని తెలిశాక ఎలా ఊరుకోను? పొరలు నానబెట్టాను. చేమదుంప ఉడికించి మెదిపాను. మణికట్లు సలిపాయి, సలపనీ అనుకున్నాను. వేలెడంత చుట్టి, నాచు అంటించి, అత్తగారు గీసినట్టే గోటితో పొలుసులు గీశాను. నీలం అంచు గిన్నె కోసం వెతికితే సింకు పక్కనే దొరికింది. అన్నాళ్లూ అందులో అంట్లు తోమే పీచు పెడుతున్నాను. దాన్ని తోమీ తోమీ, నా ఏప్రనుతో తుడిచి చేప పెట్టాను.

మెట్టు మీద పెట్టబోతుంటే కియెన్‌బెంగ్ చెయ్యి పట్టుకున్నాడు. "లోపల" అన్నాడు. "అమ్మ పక్కన."

"ఆచారం కాదురా" అంది సియు అత్త. కానీ తనే లేచి, మూలనున్న పొట్టి స్టూలు తెచ్చి బల్ల దగ్గర వేసింది.

ఏడో నెలలో ఇంటి దేవుళ్లు పిలవనివాళ్లని గడప దాటనివ్వరు. పేరు పెట్టి పిలవాలి. "దాని పేరేంటత్తా?" అనడిగాడు కియెన్‌బెంగ్. సియు అత్త నోరు తెరిచి ఆగిపోయింది. ఏదో పువ్వు పేరంది. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. ఆ పేరు తెలిసిన చివరి మనిషిని మేం చలికాలంలో దహనం చేశాం.

ఆయన వెళ్లి వెనక తలుపు బార్లా తీశాడు. సందులో ఎవరూ లేరు. దూరంగా ఎవరింటి ముందో పూజ కాగితాలు కాలుతున్నాయి. నెరిసిన జుట్టు మనిషి, మోకాళ్ల మీద వంగి, మూడేళ్ల పిల్ల ముఖం ఉండే ఎత్తుకి తన ముఖం దించాడు.

"చెల్లీ" అన్నాడు. "నేను అన్నయ్యని. ఇంట్లోకి రా. చేప చల్లారిపోతోంది."

వాసన నన్ను రాసుకుంటూ లోపలికి వెళ్లింది. వేడిగా, నా మోకాలి పక్కనుంచి. నేను గోడకి అతుక్కుపోయాను. ఆ తర్వాత వంటింట్లో అల్లం వాసన తప్ప ఇంకేం లేదు.

ఒక అగరొత్తి కాలేదాకా ఆగాం. పిల్లలు తినడానికి టైం పడుతుంది కదా. అప్పుడు కియెన్‌బెంగ్ చెక్కలు వేసి, తిన్నావా అమ్మా అని అడిగాడు. తిన్నానంది. మేం కూడా చల్లారిన అన్నం తిన్నాం. ఆయన రెండోసారి పెట్టించుకున్నాడు, ఏడుస్తూనే.

కంపెనీ చేపలు తెప్పించడం మానేశాను. జనం తిరిగొచ్చారు, అందరికంటే ముందు ఔ టీచరమ్మ, ఏమీ జరగనట్టు. మొన్న ఎవరో కొత్తావిడ, నేను వేలెడంత చేప పట్టుకుని లోపలి గదిలోకి వెళుతుంటే ఆపి, అదెవరికని అడిగింది.

"మా ఆడపడుచుకి" అన్నాను. "ఆగండి, ముందు తనకి పెట్టి వస్తాను. చిన్నపిల్ల, ఆలస్యమైతే గిన్నె మోగిస్తుంది."