పేరు అడగని తూకం యంత్రం

పార్సిల్ గోదాములో అందరూ ‘తీగలమ్మ’ అని పిలిచే నెట్‌వర్క్ ఇంజనీరుకు ఆ రోజు తల ప్రాణం తోకకు వచ్చింది. పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలు చాలక, ఉదయమే గోదామును కొత్త తరహాకు మార్చింది. ప్రధాన కార్యాలయం మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. అందుకని నడుమ దుబాసీలాంటి పెట్టె ఒకటి పెట్టింది. ఏ కంప్యూటరైనా ప్రధాన కార్యాలయాన్ని చిరునామా నంబరుతో కాక పేరు పెట్టి అడిగితే చాలు, ఆ పెట్టె చిరునామా మార్చి కబురు చేరవేస్తుంది.

మధ్యాహ్నానికి అన్నీ పలికాయి, ఒక్క తూకం యంత్రం తప్ప. దాని ముందు పార్సిళ్లు నడుమెత్తున పేరుకున్నాయి.

“ఇంకెంతసేపు?” మేనేజరు అడగడం అది ఏడోసారి.

“మీరు అడగడం ఆపితే తొందరగా అవుతుంది సార్.”

ఆ యంత్రానికి ప్రోగ్రాం రాసింది సాక్షాత్తూ ఆమె మామగారే. అక్కడే పనిచేసి రిటైరయ్యారు. ఫోన్ చేసింది.

“మామయ్యా, మీ యంత్రం ప్రధాన కార్యాలయాన్ని పేరుతో వెతుకుతుందా, నంబరుతోనా?”

“నంబరుండగా పేరెందుకమ్మా?”

“ఆ నంబరు ఎక్కడ మార్చాలి?”

“ఎవడూ వేలు పెట్టకూడదనే చిప్పులోకి ఎక్కించేశాను. ఇరవై ఏళ్లు కిక్కురుమనకుండా నడిచింది. నువ్వే ఏదో కెలికుంటావ్.”

ఆమె పళ్లు నూరుకుంది. అరగంటలో ఆయనే జేబులో స్క్రూడ్రైవరుతో దిగి, యంత్రం మూత విప్పి చూసి, “నా వైపు తప్పేం లేదు,” అని తీర్పు చెప్పి బిగించేశారు.

ఇక లాభం లేదని తీగలమ్మ యంత్రం పక్కనే మరో చిన్న పెట్టె తగిలించింది. యంత్రం పంపే పాత చిరునామాను ఇది కొత్తదిగా మారుస్తుంది. అవతల పెద్ద పెట్టె దాన్ని మళ్లీ పాతదిగా మారుస్తుంది.

“పాతది కొత్తదై, కొత్తది మళ్లీ పాతదై... ఈ సంబడానికి పాతదాన్నే ఉంచితే పోయేదిగా?” అన్నారు మామగారు.

“మామయ్యా, మీకు దండం పెడతా. ఆ పార్సిల్ ఎత్తి తూకంలో పెట్టండి.”

పెట్టారు. బరువు ప్రధాన కార్యాలయానికి చేరినట్టు తెర మీద పడింది. మేనేజరు పరుగున వచ్చి, “భేష్! రెండో గోదాములో ఇలాంటివే ఐదున్నాయి. రేపు వాటి సంగతి చూడండి,” అన్నాడు.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడలి ముఖం చూసి మామగారు గొంతు తగ్గించారు. “ఎన్నని తగిలిస్తావులే. ప్రోగ్రామే తిరగరాస్తాను. పేరుతోనే.”

ఆ మాటకు ఆమె కోపం సగం దిగింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఎక్కింది. ఆమెను పళ్లయినా తోముకోనివ్వకుండా గుమ్మంలో నిలబడి, “ఎందుకైనా మంచిది, పక్కన నంబరు కూడా రాసి ఉంచనా?” అని అడిగారాయన.

పది రోజులు వాదించుకున్నాక ప్రోగ్రాం తయారైంది. ఐదు యంత్రాలూ పేరు పెట్టే అడుగుతున్నాయి. మామాకోడళ్లు మాత్రం మరో రెండు రోజులు పలకరించుకోలేదు.