అద్దాల మీద గీతలు

ఆదివారం మధ్యాహ్నం సైకిల్ షాపు పైగదిలో నలుగురు మనుషులు బల్ల చుట్టూ చేరి పెద్దగా వాదించుకుంటున్నారు. వచ్చే గ్రూప్ బిల్డ్‌కి ‘బ్రిటిష్ పెద్దవి’ అని పేరైతే పెట్టేశారు గానీ, ఏది పెద్దదో మాత్రం తేలడం లేదు. గ్రూప్ బిల్డ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అందరూ విమానమో ఓడో, ఒకే రకం చిన్న నమూనాల ప్లాస్టిక్ కిట్లు తెచ్చుకుని, నెలల తరబడి కలిసి కూర్చుని అతికించి, రంగులేసి, చివర్న ఒకరి మోడల్‌కి ఒకరు వంకలు పెట్టుకోవడం.

ఈ క్లబ్బుని మొదలుపెట్టింది పళ్లక్క. పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పని కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మైనంతో పన్ను చెక్కితే సొంత పన్నే అనుకుని నాలుకతో తడుముకునేవారట జనం. ఇప్పుడామె ఆ ల్యాబులోనే కౌంటరు దగ్గర కూర్చుని డబ్బాలకు చీటీలు అంటిస్తోంది. కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టాక యజమాని ఎంతో మర్యాదగా ఆమె చేతిలోంచి మైనం కత్తి తీసుకున్నాడు. ఆ మర్యాదకే ఆమెకి ఒళ్లు మండింది.

అయితే ఆ మంట ఈమధ్య చల్లారింది. పోయినసారి కట్టిన లైసాండర్ విమానం ఆమెకి ప్రాణం పోసింది. దాని అద్దాల గది నిండా సన్నటి చట్రాలు. ఒక సాయంత్రం వాటికి బ్రష్‌తో రంగు వేస్తుంటే గీతలన్నీ వంకర టింకర పోయినట్టనిపించి, బ్రష్ విసిరికొట్టి ఏడ్చి పడుకుంది. పొద్దున్న చూస్తే గీతలు తీగ లాగినట్టున్నాయి. అలసిపోయి కళ్లే తప్పు చూశాయి, చెయ్యి బాగానే ఉందనుకుంది. అంత ఆశ మీద ఉన్న మనిషికి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసే ఓపిక ఎక్కడిది? ఇప్పుడు ఇంకా పెద్ద పని ఒకటి పూర్తిచేసి, దాన్ని పట్టుకెళ్లి యజమాని ముందు పెట్టి, నా కత్తి నాకివ్వండి అని అడగాలని ఆమె పట్టుదల.

“హుడ్ యుద్ధనౌక పెట్టుకుందాం. దానికంటే పెద్దదేముంది?” అన్నారు లెక్కల మేష్టారు. రిటైరయ్యాక కూడా ఆయన గొంతు తరగతి గది చివరి బెంచీదాకా వెళ్తుంది.

“అది కడితే మా మంచంలో సగం దానికే పోతుంది. మా ఆవిడ దాన్నీ నన్నూ కలిపి బయట పడేస్తుంది,” అన్నాడు బస్సు డ్రైవరు. ఒక్కో మోడల్‌ని మూడేళ్లు నాన్చుతాడని అతన్నందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. “ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు తెచ్చుకుందాం. ముచ్చటగా ఉంటుంది.”

“వారమంతా బస్సే, ఆదివారం కూడా బస్సేనా నాయనా?”

“ఈ బస్సులో ఎవరూ నన్ను తిట్టరు కదా మేష్టారూ!”

“అసలు పెద్దదంటే నిజంలో పెద్దదా, బల్ల మీద పెద్దదా? అది తేల్చండి ముందు. సండర్లాండ్ సముద్ర విమానం నిజంలో కొండంత. డెబ్బయి రెండో స్కేల్లో, అంటే అసలు సైజులో డెబ్బయి రెండో వంతుగా కడితే నా మోచెయ్యంత,” అన్నారు మేష్టారు.

“బల్ల మీదే పెద్దదవ్వాలి,” అంది పళ్లక్క. “లాంకాస్టర్ బాంబర్. ముప్ఫై రెండో స్కేలు. రెక్కలు చాపితే దాదాపు మీటరు. ముక్కు అద్దం, పైన అద్దం, తోక దగ్గర అద్దం. పనితనం చూపించాలంటే అదే.”

పక్కనే కూర్చున్న తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. షాపులకి బోర్డులు రాసే మనిషి. అక్కా తమ్ముళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. “వద్దక్కా. అన్ని అద్దాలంటే చాకిరీ. బస్సు బాగుంటుంది.”

“నీకెందుకురా భయం? నిన్ను కట్టమన్నానా?”

అతను తల వంచుకుని, బల్ల మీద ఎండిపోయిన జిగురుని గోటితో గీకడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ తనకి వంతపాడేవాడు ఇవాళ అడ్డం తిరిగాడేమిటని ఆమెకి చిరాకేసింది.

మేష్టారు లేచి అల్మారాలోంచి లైసాండర్‌ని తీసి, భూతద్దం పెట్టి చూశారు. “లాంకాస్టరే అయితే, అద్దాల పని మాకెవరికీ చేతకాదు. నీ కిటుకు చెప్పమ్మాయ్. ఇంత సన్న గీత ఎట్లా లాగావు?”

“ఊపిరి బిగబట్టి, బ్రష్‌తో ఒకే లాగుడు,” అందామె. చాలా రోజుల తర్వాత ఆ మాట చెప్పడంలో ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఎక్స్‌ప్రెస్ కూడా వంగి చూశాడు. “మరి రెండు గీతలు కలిసేచోట రంగు ముద్ద కట్టాలి కదక్కా? ఎక్కడా లేదే!”

ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మేష్టారు భూతద్దాన్ని ఇంకా దగ్గరకి జరిపారు. ఆయన కనుబొమలు ముడిపడటం చూసి తమ్ముడు ఉండబట్టలేకపోయాడు. ఎలా చేశారని అడిగితే నోరు మూసుకుని కూర్చోగలిగిన, మోడళ్లు కట్టే మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

“బ్రష్ అయితే కడుతుంది మేష్టారూ. అది టేపు. విడిగా టేపుకి రంగేసి, ఆరాక పట్టీలుగా కోసి అంటించాలి. మూలల్లో మాత్రం చాలా చచ్చా...”

అంతే. చప్పున నాలుక కరుచుకున్నాడు. కింద షాపులో ఎవరో చక్రం తిప్పి చూస్తున్న చప్పుడు పైకి వినిపిస్తోంది.

“ఎప్పుడు చేశావు?” అంది పళ్లక్క.

“నువ్వు పడుకున్నాక. నీ రంగంతా తుడిచేసి... నువ్వట్లా ఏడుస్తుంటే చూళ్లేకపోయానక్కా.”

ఆమె మేష్టారి చేతిలోంచి లైసాండర్‌ని తీసుకుంది. ఒక చట్రం అంచుని గోటితో కదిపితే సన్నటి పట్టీ లేచి వచ్చింది. ఇన్నాళ్లూ ఆ గీతల్ని చూసుకునే పొద్దున్నే లేచింది, వాటిని చూసుకునే కౌంటరు దగ్గర చీటీలు అంటించింది. ఇప్పుడు అవి తనవి కావు. చెయ్యి బాగుపడనూ లేదు, బాగుపడదు కూడా.

“పోనీలేమ్మాయ్,” అన్నారు మేష్టారు, తరగతిలో ఎప్పుడూ వాడని గొంతుతో. “లాంకాస్టరే కడదాం. నువ్వు కూర్చుని చెబుతుండు, మేం చేస్తాం. పేరు నీదే పెడదాం.”

“అవునక్కా, నీ పేరే,” అన్నాడు ఎక్స్‌ప్రెస్.

ఎవరి పేరుంటే వాళ్ల చెయ్యి తప్ప ఇంకో చెయ్యి మోడల్ మీద పడకూడదన్నది ఈ క్లబ్బులో మొదటి రూలు. పెట్టింది ఆమే. కొడుకు చేత చక్రాలకి రంగు వేయించాడని ఒకప్పుడు ఇదే ఎక్స్‌ప్రెస్‌ని పోటీలోంచి లేపేసింది. ఆ తర్వాత అతను వారం పాటు ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ ఆ రూలు ఆమెకీ వర్తిస్తుందని ఒక్కరూ అనలేదు, వాళ్ల ముఖాల నిండా జాలి తప్ప ఇంకేమీ లేదు.

“బస్సు పెట్టుకోండి,” అందామె. “అద్దాలు పెద్దవి. గీతలు తక్కువ. అందరికీ కుదురుతుంది.”

అట్లా ‘బ్రిటిష్ పెద్దవి’ తేలిపోయింది.

ఆమె రంగు కరిగించే థిన్నర్ సీసా దగ్గరకి లాక్కుని, మూత తియ్యలేక తమ్ముడి ముందుకు తోసింది. అతను తీసిచ్చాడు. దూది ముంచి, లైసాండర్ కింద చెక్క పీట మీద తన పేరుని రుద్దడం మొదలుపెట్టింది. చెయ్యి వణుకుతూనే ఉంది. చెరపడానికి ఆ వణుకు ఏమీ అడ్డురాలేదు. తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే కరిగి దూదికి అంటుకున్నాయి.

“ఇదేం పనక్కా,” అని తమ్ముడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “మందులు వాడుతున్నావుగా. కొన్నాళ్లు చూద్దాం. డాక్టరు కూడా మానకుండా వాడితే కాస్త నిలకడగా ఉంటుందన్నాడుగా!”

“మానేశాను.”

“ఎప్పుడు?”

“నీ గీతలు చూసిన పొద్దున్న.”

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని, మిగిలిన అక్షరం కూడా తుడిచేసి, చెక్కని అతని ముందు పెట్టింది. బల్ల మీద వెతికి సన్న బ్రష్ అతని వేళ్ల మధ్య ఇరికించింది.

“నీ పేరు రాయి.”

ఊళ్లో సగం షాపుల మీద పేర్లు రాసిన మనిషికి తన పేరు రాయడానికి చెయ్యి రాలేదు. చెక్క మీద ఒక బొట్టు పడింది. పళ్లక్క దాన్ని చీర కొంగుతో ఒత్తి, అందరి మోడళ్లకీ వంకలు పెట్టే పాత గొంతుతోనే అంది.

“ఏడుస్తూ రాయకురా. గీత వంకర పోతుంది.”