అన్నయ్య వాంగ్మూలం

మా అన్నయ్య జీవితమంతా న్యాయశాస్త్రం పాఠం చెప్పాడు. నేను జీవితమంతా కోర్టుల్లో వాయిదాలు తిరిగాను. ఒకే కడుపున పుట్టినా చట్టం దగ్గరికొచ్చేసరికి మా ఇద్దరికీ ఒక్కనాడూ పడలేదు. "నీ పుస్తకాల్లో న్యాయం ఉతికి ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంటుందన్నయ్యా, మా దగ్గరికి నలిగిపోయి వస్తుంది," అనేదాన్ని. "నలిపేది మీరే కదటే," అనేవాడు.

ఆయన రాసినవాటిలో పేరు తెచ్చిన పుస్తకం ఒక్కటే. ఎవరి గురించి తీర్పు చెప్పబోతున్నామో ముందు వాళ్ల మాట వినాలి అన్నదే దాని సారాంశం. ఈ ముక్క చెప్పడానికి తలకింద పెట్టుకుని పడుకునేంత లావు పుస్తకం ఎందుకని వేళాకోళం చేసేదాన్ని. అందులో ఒకచోట ఇలా రాశాడు: వినడం వినేవాడి బాధ్యత, అది చెప్పేవాడి నేర్పు మీద ఆధారపడితే దాన్ని హక్కు అనకూడదు, పోటీ అనాలి. ఆ వాక్యాన్ని వాదనల్లో నేను చాలాసార్లు వాడుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు, చెబితే ఇక పట్టలేమని.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడ్చాల్సి వచ్చింది, మాట పోయింది. పోయిన మాట పూర్తిగా పోకుండా ఒక్కటి మిగిలింది. "వద్దు." మెదడులో మాట పుట్టే చోట దెబ్బ తగిలితే కొందరికి ఇలా ఒకే మాట అతుక్కుని ఉండిపోతుందని డాక్టర్లు చెప్పారు. మనం అనేది ఆయనకు అర్థమవుతుంది. తిరిగి చెప్పబోతే అదే వస్తుంది. కాఫీ ఇస్తే "వద్దు" అంటూ ఎడమచెయ్యి చాపుతాడు. కిటికీ తెరిస్తే సంతోషంగా "వద్దు వద్దు" అంటాడు. తల ఊపినా అటో ఇటో తేల్చుకోలేకుండా ఊపుతాడు. పెన్ను చేతికిస్తే గీతలు తప్ప అక్షరం రాదు.

వదిన ఎప్పుడో పోయింది. పై వాటాలో అన్నయ్య, కింది వాటాలో నేను. పగలు వంటమనిషి వచ్చి వెళుతుంది. సాయంత్రం కోర్టు నుంచి రాగానే నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి పైకి వెళ్లేదాన్ని. ఆ రోజు జడ్జి ఏమన్నాడో, అవతలి ప్లీడరు ఎక్కడ బోర్లా పడ్డాడో అంతా చెప్పేదాన్ని. ఆయన "వద్దు..." అని మొదలుపెట్టగానే, "అదే నేనూ అన్నానన్నయ్యా," అని అందుకునేదాన్ని. ఆయన అనబోయేది నాకు ముందే తెలుసని నా ధీమా. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి కదా.

ఒకరోజు పొద్దున ఆయన స్నానాలగదిలో జారిపడ్డాడు. వంటమనిషి ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా తడినేల మీదే పడి ఉన్నాడు. ఎముకలేవీ విరగలేదు గానీ, ఆయన కూతురు చిట్టి మాత్రం రెండోరోజుకల్లా వచ్చి వాలింది. చిట్టి కళ్ల డాక్టరు, వేరే ఊళ్లో పెద్దాసుపత్రిలో పని చేస్తుంది. వాళ్ల ఆసుపత్రి పక్కనే ఇలా మాట పోయినవాళ్లకీ కాలూచెయ్యీ పడిపోయినవాళ్లకీ ఒక హోమ్ ఉందట. అక్కడే ఉంచి మాటా నడకా మళ్లీ నేర్పిస్తారట. నాన్నని అక్కడ చేరుస్తానంది.

"నాన్న వద్దంటున్నాడు కదే," అన్నాను. నిజంగానే అప్పుడు పక్కనుంచి "వద్దు" అని వినిపించింది.

"నాన్న నీళ్లు కావాలన్నా వద్దంటాడు అత్తా."

"ఇది నీళ్లు కాదు, ఇల్లు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పుస్తకాల మధ్య బతికిన మనిషిని పట్టుకెళ్లి మంచాల వరసలో పడేస్తావా?"

"అత్తా, నాన్న పడిపోయినప్పుడు నువ్వు కోర్టులో ఉన్నావు. నేను ఇంకో ఊళ్లో ఉన్నాను. నాన్న నేల మీద ఉన్నాడు."

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. నానా మాటలూ అన్నాను. చిట్టి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా కోర్టు నోటీసు వచ్చింది. వద్దంటున్న మనిషిని ఊరికే చేర్చుకోలేమని హోమ్ వాళ్లు అన్నారట. అందుకని తండ్రి సొంతంగా నిర్ణయం తీసుకునే స్థితిలో లేడనీ, ఆయన తరఫున నిర్ణయించే సంరక్షకురాలిగా తనను నియమించమనీ చిట్టి పిటిషన్ వేసింది. అది చదివేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హక్కుల గురించి ఊరందరికీ పాఠం చెప్పిన మనిషికి సొంత నిర్ణయం లేదంటూ కాగితం మీద పెట్టడమా? ఆ క్షణమే ఆయన తరఫున వాదించడానికి వకాలత్ తయారుచేసి పైకి తీసుకెళ్లాను. "నేనున్నానన్నయ్యా, నిన్నెవరు కదిలిస్తారో చూస్తాను, ఇక్కడ సంతకం పెట్టు," అన్నాను. "వద్దు," అంటూ ఎడమచేత్తో ఒక వంకర గీత గీశాడు.

మొదటి వాయిదా నాడు ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లాను. తెల్లచొక్కా వేసి, తల దువ్వాను. జడ్జి మా చిట్టి వయసున్న అమ్మాయి. ఆయన పుస్తకం చదువుకుని పరీక్షలు రాసినవాళ్లలో ఆమె కూడా ఒకతె అని ఆయన్ని చూసిన తీరులోనే తెలిసింది.

"మాస్టారూ, మిమ్మల్ని ఒక హోమ్‌లో చేర్చాలని మీ అమ్మాయిగారు అడుగుతున్నారు. వెళ్తారా?" అని అడిగింది.

"వద్దు," అన్నాడు అన్నయ్య.

నేను గెలిచినట్టే ముఖం పెట్టి చిట్టి వైపు చూశాను. చిట్టి ప్లీడరు తాపీగా లేచాడు. "మాస్టారూ, మీ ఇంట్లోనే ఉంటారా?"

"వద్దు."

"మీరు న్యాయశాస్త్రం బోధించారా?"

"వద్దు వద్దు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య నవ్విన వైపు తల తిప్పి చూసి, తర్వాత తన ఒళ్లో పడివున్న కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నేను ఒంటికాలి మీద లేచాను. వినడం వినేవాడి బాధ్యత అని ఆయన రాసిన వాక్యమే అందుకున్నాను. ఈయన చెప్పలేకపోతే అది ఈయన లోపం కాదు, వినడం చేతకాని మన లోపం అన్నాను. నోరు పోయినంత మాత్రాన మనిషి హక్కులు పోవన్నాను. చాలాసేపు అన్నాను. చిట్టి ప్లీడరు లేచి, తండ్రి మీద ప్రేమతోనే కూతురు వచ్చిందని అతనూ చాలాసేపు అన్నాడు.

జడ్జి ఓపికగా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరిద్దరూ ఆయన గురించే మాట్లాడుతున్నారు. కానీ ఆయన్ని అడగాల్సినట్టు ఎవరూ అడగలేదు, నాతో సహా. ఆయన ఆ హోమ్ చూశారా?"

చూడలేదు.

"అయితే ముందు ఇద్దరూ కలిసి తీసుకెళ్లి చూపించండి. అక్కడ ఆయనకేమీ నచ్చచెప్పకండి. వచ్చే వాయిదాకి అక్కడివి కొన్ని ఫోటోలు, ఇంటివి కొన్ని ఫోటోలు తీసుకురండి. నోటితో అడిగేది లేదు, చేత్తో చూపించమంటాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి జడ్జి దొరకడం మా అదృష్టం అనుకున్నాను.

ఒక ఆదివారం ముగ్గురం కార్లో బయల్దేరాం. నేనూ చిట్టీ దారంతా ఎడమొహం పెడమొహంగానే ఉన్నాం. హోమ్ నేననుకున్నంత ఘోరంగా లేదు, అది వేరే సంగతి. పెద్ద హాలు, గోడ వెంబడి పట్టుకుని నడవడానికి కడ్డీలు, మధ్యలో క్యారమ్స్ బోర్డు. బోర్డు ముందు ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని రెండువైపులా తనే ఆడుకుంటున్నాడు. వడ్రంగి పని చేసేవాడట. ఆయనకూ ఒక్కటే మాట మిగిలిందని నర్సు చెప్పింది. "ఇంకొంచెం." చెక్కకు చిత్రిక పట్టేటప్పుడు కుర్రవాళ్లతో అనేవాడేమో, అదే ఉండిపోయింది.

ఆయన అన్నయ్యను చూడగానే ఎదుటి కుర్చీ కాలితో తన్ని పక్కకు జరిపాడు. "ఇంకొంచెం," అన్నాడు. చక్రాల కుర్చీ అక్కడికి తోశాను.

అన్నయ్య ఎడమచేత్తో స్ట్రైకర్ కొట్టాడు. అది బోర్డు దాటి నేల మీద పడింది. "వద్దు!" అన్నాడు చిరాగ్గా. వడ్రంగి పగలబడి నవ్వి, "ఇంకొంచెం, ఇంకొంచెం," అంటూ బలం తగ్గించమని చెయ్యి ఆడించి చూపించాడు. అన్నయ్య మళ్లీ కొట్టాడు. ఒక కాయిన్ పడింది. "వద్దు," అన్నాడు గర్వంగా. ఆ తర్వాత ఏదో పెద్ద తగువు వచ్చింది. పడిన కాయిన్ తీసి మళ్లీ పెట్టాలా అక్కర్లేదా అన్నది విషయం అనుకుంటాను. ఆయన "ఇంకొంచెం" అని బోర్డు మీద గుద్దుతాడు, ఈయన "వద్దు" అని వేలెత్తుతాడు. ఒకరు ఆపితే ఒకరు అందుకుంటున్నారు. చూస్తే ఇద్దరు సీనియర్ ప్లీడర్లు వాదించుకున్నట్టే ఉంది. నర్సులు నవ్వారు, చిట్టి కూడా నవ్వింది. మర్యాద కోసం ఆడుతున్నాడులే అనుకుని నేను గడియారం చూసుకున్నాను.

రెండో వాయిదా. జడ్జి తన పీఠం దిగి వచ్చి అన్నయ్యకు ఎదురుగా చిన్న కుర్చీలో కూర్చుంది. స్టెనోని దగ్గరికి పిలిచింది. ఫోటోలు ఆయన ఒళ్లో ఉన్న పలక మీద పరిచింది.

"మాస్టారూ, ఇందులో మీ ఇల్లేది?"

అన్నయ్య మా మేడ ఫోటో మీద వేలు పెట్టాడు.

"మీ అమ్మాయి చూపించిన చోటేది?"

హోమ్ ఫోటో మీద పెట్టాడు. జడ్జి ఫోటోలన్నీ కలిపేసి, అటివి ఇటూ ఇటివి అటూ మార్చి పెట్టింది. నేను లోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

"మీరెక్కడ ఉండాలనుకుంటున్నారు?"

అన్నయ్య చెయ్యి మా ఇంటి మీదుగా వెళ్లింది, ఆగలేదు. క్యారమ్స్ బోర్డున్న హాలు ఫోటో మీద వేలు పెట్టాడు.

జడ్జి తొందరపడలేదు. మళ్లీ కలిపింది. "ఎక్కడ ఉండకూడదనుకుంటున్నారు?" అని తిరగేసి అడిగింది. అన్నయ్య అరచెయ్యి మొత్తం మా ఇంటి ఫోటో మీద బోర్లించాడు. ఇంకోసారి అడిగింది. అదే.

నేనెప్పుడు లేచానో నాకే తెలీదు. "మేడమ్, అభ్యంతరం! ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. అలసిపోయారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఈ స్థితిలో ఆయన చూపించినదాన్ని ఆయన నిర్ణయంగా తీసుకోవడానికి వీల్లేదు, ఆయనకేం కావాలో నాకు తెలుసు..."

చిట్టి ప్లీడరు నోరు తెరిచి నా వైపు చూస్తున్నాడు. ఆ వాదన అతనిది. అతని పిటిషన్లో ఉన్న మాటలే నా నోట్లోంచి వస్తున్నాయి.

జడ్జి మెల్లగా అడిగింది. "అమ్మా, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?"

కొత్తగా ప్లీడరయిన పిల్లలకు నేను మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. కక్షిదారు ఏం కోరుతున్నాడో అడిగి తెలుసుకున్నాకే కాగితం ముట్టుకోవాలి. ఇన్నేళ్లలో దొంగల్ని అడిగాను, తాగుబోతుల్ని అడిగాను. అన్నయ్యని అడగలేదు. సొంత అన్నయ్య కదా, అడిగేదేముంది అనుకున్నాను.

జడ్జి అక్కడే తీర్పు చెప్పింది. ఆయన అడిగినది అర్థం చేసుకున్నారు, ఒకటికి మూడుసార్లు ఒకే జవాబిచ్చారు, కాబట్టి తన నిర్ణయం తాను తీసుకోగలరు. ఆయనకు సంరక్షకులు అక్కర్లేదు, పిటిషన్ కొట్టివేస్తున్నాను. ఆయన కోరుకున్న చోట చేర్చుకోవడానికి ఈ వాంగ్మూలమే చాలంది. అంటే కేసు నేను గెలిచాను. చిట్టి ఓడిపోయి, నాన్న మెడ కౌగిలించుకుని ఏడుస్తోంది.

చిట్టి కారు తేవడానికి వెళ్లినప్పుడు వరండాలో మేమిద్దరమే మిగిలాం. చెట్టంత ప్లీడర్ని, చక్రాల కుర్చీ పక్కన మెట్టు మీద చిన్నపిల్లలా కూలబడ్డాను.

"ఎందుకన్నయ్యా? నేను సరిగ్గా చూసుకోలేదా?"

"వద్దు," అని మొదలుపెట్టాడు.

అది కాదన్నయ్యా అనబోయాను, నాలిక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను.

ఆయన కాసేపు చూశాడు, నేను అందుకుంటానేమోనని. నేను అందుకోలేదు. అప్పుడు ముందుకు వంగాడు. ఎడమచెయ్యి తిప్పుతూ, ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ, ఒకచోట నవ్వుతూ, ఒకచోట కోప్పడుతూ, మధ్యలో నా తల మీద చెయ్యి వేసి నిమిరి, చాలా పెద్ద మాటే చెప్పాడు. అంతా "వద్దు"లే. సగం కూడా నాకర్థం కాలేదు. చిట్టి కారు తెచ్చి హారన్ కొట్టింది. ఒక్క నిమిషం ఆగమని దానికి చెయ్యి చూపించాను, అన్నయ్య ఇంకా చెబుతున్నాడని.