ఊరామె

ఎండ కిటికీ దాటి బల్ల మీదికి రాకముందే మైనం కోయాలి. వచ్చిందంటే ఆ రోజుకు ఇక అంతే. ఏసుమణి ఊపిరి బిగబట్టి, పొరలు కోసే మైక్రోటోమ్ చక్రం తిప్పుతున్నాడు. తిప్పినప్పుడల్లా కత్తి అంచు మీంచి పలచని మైనపు పొర ఒకటి జారి, ముందు పొరకు అతుక్కుని, నాడాలాగా సాగుతోంది. ఆ నాడా నడుమ నలుసుల్లాంటి మచ్చలు వరసగా ఉన్నాయి. ఒక్కో మచ్చా మైనంలో పొదిగిన పూమొగ్గను అడ్డంగా కోసిన ముక్క.

మద్రాసులో ఆయన గురువుగారి లాబొరేటరీలో ఈ పనికి ఇంత అవస్థ లేదు. కర్నూలులో మార్చి నెల వచ్చిందంటే మైనం మెత్తబడిపోతుంది, నాడా కత్తికి చుట్టుకుపోతుంది. అందుకని ఏసుమణి కళ్లు తెరవగానే సోడాల అంగడికి పోయి, ఊకలో కప్పిన ఐసుగడ్డ ఒకటి గోనెసంచిలో చుట్టించుకుని వస్తాడు. మైనపు దిమ్మకు ఐసు రాస్తాడు, నాలుగు పొరలు కోస్తాడు, మళ్లీ రాస్తాడు. వేళ్లు తిమ్మిరెక్కి, చివర్లు ముడతలు పడి ఉంటాయి. గోళ్ల కింద ఊదారంగు ఎప్పటికీ వదలదు. అది స్లైడుల మీది ముక్కలకు వేసే రంగు.

ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. పిల్లలకు మొక్కలు పంచడం, మైక్రోస్కోపులు తుడిచి పెట్టడం, రికార్డుల్లో బొమ్మలు దిద్దడం ఉద్యోగం. డాక్టరేటు కోసం చేసే పరిశోధన ఆ పనుల సందుల్లో, తెల్లవారుజామున, సెలవుల్లో జరగవలసిందే. అలా ఏళ్లు గడిచాయి. ఆయన తర్వాత చేరినవాళ్లు వాల్తేరు పోయి పేరు ముందు డాక్టరు తగిలించుకుని వచ్చారు. డిపార్టుమెంటు హెడ్డుగారు కనబడినప్పుడల్లా, "ఏం మణీ, ఈ ఏడన్నా అవుతుందా?" అని అడుగుతారు. "ఈ ఏడు అయిపోతుంది సార్" అంటాడు. అన్నాక కాసేపు ఆయన మొహం చూడలేడు.

కాలేజీలో అందరికీ ఆయన మణి. సర్టిఫికెట్లలో ఏసుమణి అనే ఉంది గాని, చేరిన మొదటిరోజు పేరడిగితే మణి అని తనే చెప్పాడు. ఏ ఊరంటే కోయిలకుంట్ల దగ్గర అనేవాడు. ఊళ్లో ఏ వైపు అని ఎవరైనా అడిగేలోగా మాట మార్చేవాడు.

ఆయన పరిశోధనకు పట్టుకున్న మొక్క కుందేటి కొమ్ములు. బండరాళ్ల సందుల్లో ఆకన్నది లేకుండా, నాలుగు పలకల పచ్చటి కాడలు కుందేలు చెవుల్లాగా నిక్కి ఉంటాయి. వానలకు చిన్న చిన్న పూలు పూస్తుంది. ఆ పూలు కుళ్లు వాసన కొడతాయి. ఆ వాసనకు వచ్చే ఈగలతోనే దానికి పని. ఆ పూలలో గింజ ఎట్లా మొదలవుతుందో మొగ్గ నుంచి కాయ దాకా చూసి చెప్పడం ఆయన థీసిస్. మొదటి అధ్యాయంలో మొక్క గురించి నాలుగు ముక్కలు రాస్తూ, కరువు కాలంలో ఆ ప్రాంతపు పేదలు దీన్ని తింటారని చెబుతారు అని ఇంగ్లీషులో రాశాడు. చెబుతారు అన్న మాట దగ్గర కలం ఆగింది. ఆగి, మళ్లీ సాగింది.

అమ్మానాయనలు పోయాక ఆయన్ను సాకింది అక్క విశ్వాసమ్మ. వానలు మొహం చాటేసిన ఏడు ఆమె గుట్టెక్కి, కుందేటి కొమ్ములు విరిచి కొంగులో పోసుకుని వచ్చేది. పలకల అంచులు గోటితో గిల్లి, చింతపండు వేసి ఉడకబెట్టేది. చేదు పోయేది కాదు. తమ్ముడు తినే దాకా ఎదురుగా కూర్చుని, ఆ తర్వాత కుండ నాకేది. వాడు మిషను హాస్టలుకు పోయాక ఆమె నాపరాయి గనిలో బండలు మోసింది. మొగుడు చనిపోయినా మళ్లీ మనువు మాట ఎత్తనివ్వలేదు.

ఒక ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోతే, బండ గీరుకుని ఆమె పిక్క మీద పుండు మానకుండా ఉంది. లాబొరేటరీ ఊదారంగు పుండ్లకు కూడా పనిచేస్తుందని తెలుసు గనక, చిన్న సీసాలో ఉన్నది పూశాడు. వారం తిరిగేసరికి పుండు ఎండింది. అంతే, పిల్లల నోటిపూతకూ మేకల గిట్టలకూ ఊరంతా ఊదారంగే అయింది. విశ్వాసమ్మ తమ్ముడు డాక్టరు చదువు చదువుతున్నాడని ఊరు తీర్మానించుకుంది. నేను చదివేది చెట్ల చదువు అక్కా అని ఒకసారి చెప్పాడు. చెట్లలోనే గదా మందులు ఉండేది అని ఆమె ఆ మాట అక్కడే ముగించింది.

రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయనకు తెలుసు. చిన్నప్పుడు తనను అరుగు దగ్గరికి రానివ్వని పెద్దమనుషులు ఇప్పుడు మంచం జరిపి, ఏమప్పా డాక్టరూ అని పలకరిస్తున్నారు. అది బాగుంది. అట్లా బాగున్నందుకు రాత్రులు సిగ్గేసేది. అయినా సీసా ఖాళీ అయినప్పుడల్లా కాలేజీ రంగు ఇంకొకటి నింపి ఇస్తూనే ఉన్నాడు.

ఆ రోజు ఇంటర్మీడియెట్ ప్రాక్టికల్ పరీక్షలు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఏసుమణి గురువుగారికి సహాధ్యాయి. థీసిస్ రేపు ఆయన చేతికే పోవచ్చునని హెడ్డుగారు ముందే చెవిన వేశారు. ఏసుమణి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మొదటి బ్యాచి పిల్లలను కూర్చోబెట్టి, ముగ్గురూ హాలు గుమ్మంలో నిలబడి ఉండగా వరండా చివర నుంచి పిలుపు వినబడింది.

"ఏసూ."

విశ్వాసమ్మ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. బస్టాండు నుంచి నడిచి వచ్చినట్టుంది. ఎర్రదుమ్ము మోకాళ్ల దాకా ఉంది. నలిగిన నేతచీర, నుదుటికి అతుక్కున్న నెరిసిన జుట్టు. పాదాలు ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. మొహం కూడా ఎప్పటి మొహం కాదు, కళ్ల కింద నీరు చేరి ఉబ్బింది. తమ్ముణ్ణి చూడగానే పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

హెడ్డుగారు, ఎవరు మణీ అన్నారు.

"మా ఊరామె సార్. మందు కోసం వస్తుంటుంది."

మాట వెతుక్కునే పని లేకుండా వచ్చేసింది. ఎగ్జామినరు ఏసుమణి గోళ్ల వైపు చూసి, డాక్టరు కాకముందే ప్రాక్టీసు పెట్టావన్నమాట అన్నాడు. హెడ్డుగారు నవ్వారు. ఏసుమణి కూడా నవ్వాడు. ఆ ముగ్గురూ నవ్వడం చూసి, అక్కడ స్తంభం దగ్గర ఆమె కూడా నవ్వింది.

అటెండరు పీరా ఆమెను వెనక వరండాలోకి తీసుకుపోయాడు. ఏసుమణి హాల్లోకి వెళ్లి పిల్లల బల్లల మధ్య తిరిగాడు. ఎవరో బ్లేడుతో వేలు కోసుకుంటే గుడ్డ కట్టాడు. ఎవరికో నీళ్లచుక్క వేసి స్లైడు సరిచేసి ఇచ్చాడు. ఆమె నిలబడిన చోటికీ తాము నిలబడిన చోటికీ మధ్య దూరం ఎంతో పదేపదే తలచుకున్నాడు. వినబడి ఉండదు అనుకున్నాడు. ఆ వెంటనే, వినబడకపోతే తప్పు తగ్గుతుందా అనిపించింది. పీరా చేత నీళ్లు పంపించాడు. తను పోలేదు.

మధ్యాహ్నం పెద్దవాళ్లిద్దరూ భోజనానికి పోయాక వెనక్కి వెళ్లాడు. ఆమె గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని ఉంది. ఇంత ఎండలో ఎందుకొచ్చావని విసుక్కున్నాడు. విసుగు ఎవరి మీదో తనకే తెలియలేదు. ఆమె నిదానంగా చెప్పింది. కాళ్లు వాచి నెలయిందట. పడుకుంటే ఊపిరి అందదట, గోడకు ఆనుకునే తెల్లవారుస్తోందట. ఊళ్లో వాళ్లు కోయిలకుంట్ల ఆస్పత్రికి పోదామంటే, తమ్ముణ్ణి పెట్టుకుని ఎవరికో ఎందుకు చూపించుకోవాలి అని బస్సెక్కిందట.

"నీ పనికి అడ్డమొస్తినా నాయనా?" అంది.

"లేదక్కా."

"మీ పెద్దసార్లు మంచోళ్ల మాదిరి ఉండారు. నన్ను జూసి నవ్విరి." కాసేపు ఊపిరి తీసుకుని, "ఊరామె అంటివి. మంచిదేలే. నా అవతారం జూసి నీ అక్కంటే నీకు నామోషీ గదా" అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పుకునేవాడు. ఆమె మణికట్టు ముందుకు చాపింది.

"సూడు."

ఆయన ఆ చేతిని అందుకున్నాడు. బండలు మోసిన అరచెయ్యి పొలుసులు లేచి గరుకుగా ఉంది. నాడి ఎక్కడ పట్టాలో సరిగా తెలియదు. డాక్టర్లు పట్టుకోగా చూసినట్టు వేళ్లు ఆనించి, తల వంచుకుని కూర్చున్నాడు. వేళ్ల కింద కొట్టుకోవడం తెలిసింది. నాలుగు కొట్టి ఆగుతోంది, మళ్లీ తొందరగా పరుగెత్తుతోంది, మళ్లీ ఆగుతోంది. అది మంచిది కాదని తెలుసుకోవడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఇప్పుడే లేవదీసి జట్కా ఎక్కించి పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. తీసుకుపోవాలంటే హెడ్డుగారిని అడగాలి. ఎవరికోసం అని ఆయన అడుగుతారు. ఊరామె కోసం పరీక్ష నడుమ వదిలి పోతానంటే ఒప్పుకోరు. అక్క కోసం అనాలంటే పొద్దున అన్నది అబద్ధమని, అదీ ఎగ్జామినరు ముందు చెప్పుకోవాలి.

"సాయంత్రం పెద్దాస్పత్రికి పోదామక్కా. రెండో బ్యాచి అయిపోగానే."

"నువ్వు సూసినావు గదా. సాలు నాకు" అంది విశ్వాసమ్మ. చెయ్యి వెనక్కి తీసుకోకుండా కాసేపు అట్లాగే ఉంచింది. లోపల గంట కొట్టారు. ఆయనే ముందు వదిలాడు.

రెండో బ్యాచి నడుస్తుండగా ఎగ్జామినరు, నీ స్లైడులు చూపించవయ్యా అని తనే అడిగాడు. ఏసుమణి పెట్టె తెచ్చాడు. ఎగ్జామినరు మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తి, ఇంత శుభ్రమైన కోతలు ఈ వేడిలో ఎట్లా కోశావు అన్నాడు. ఈ వేసవిలోనే థీసిస్ ఇచ్చెయ్యి, మీ గురువుకు నేను రాస్తాను అన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఎవరో ఒకరి నోట వినాలని ఎదురుచూసిన మాట అది. విన్న క్షణాన ఒళ్లు తేలికైంది. అది కూడా నిలవలేదు. గోడ అవతల ఎవరున్నారో గుర్తొచ్చింది.

"పేదలు తింటారట కదా దీన్ని? నువ్వెప్పుడైనా రుచి చూశావా?" అని అడిగాడు ఎగ్జామినరు, స్లైడు తీసి తిరిగి ఇస్తూ.

"లేదు సార్."

నోట్లో ఉమ్మి చేదుగా ఊరింది. మింగాడు.

పిల్లలు జవాబు కాగితాలు ఇచ్చేస్తున్న వేళకు పీరా లోపలికి వచ్చాడు. ఎప్పుడూ చప్పుడు చేసుకుంటూ వచ్చేవాడు ఈసారి గుమ్మం దగ్గరే చెప్పులు వదిలి వచ్చాడు. ఏసుమణి దగ్గరికి కాకుండా హెడ్డుగారి దగ్గరికి పోయి నెమ్మదిగా చెప్పాడు.

"సార్, ఆ మణి సారు వాళ్ల ఊరామె లేయడం లేదు. నిద్రపోతాందేమో అనుకుంటి. పిలిస్తే పలకలేదు. ఒళ్లు సల్లగా ఉండాది."

హెడ్డుగారు అయ్యో అని లేచారు. పాపం ఎవరో ఏమో, వాళ్లవాళ్లకు కబురు పంపాలి, ఊళ్లో ఎవరున్నారు మణీ ఆమెకు అని అడిగారు. ఏసుమణి చేతిలో స్లైడుల పెట్టె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"నేనొక్కణ్ణే సార్. మా అక్క."

హెడ్డుగారికి వెంటనే అర్థం కాలేదు. ఎగ్జామినరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వాళ్లు తిట్టి ఉంటే బాగుండేదని ఏసుమణికి అనిపించింది. ఎవరూ తిట్టలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ఆమె గోడకు ఆనుకునే ఉంది. తల ఒక పక్కకు వాలింది. మెడలోని చిన్న సిలువ చీర అంచులో ఇరుక్కుపోతే ఆయన విడదీశాడు. పెద్దాస్పత్రి డాక్టరు వచ్చి చూసి, గుండె ఎప్పుడో పాడై ఉంటుందన్నాడు. పొద్దునే తీసుకొచ్చి ఉంటే అని మొదలుపెట్టి, ఏసుమణి మొహం చూసి ఆపేశాడు. కోయిలకుంట్ల వైపు పోయే లారీని హెడ్డుగారే మాట్లాడారు. పీరా, ఏసుమణి కలిసి ఆమెను ఎత్తారు. వాచిన మనిషి బరువుగా ఉంటుందనుకున్నాడు. బరువు లేదు.

లారీ గేటు దగ్గర ఆగి ఉండగా, గది తాళం వేయాలని ఏసుమణి ఒక్కడే వెనక వరండా మీదుగా తిరిగి వచ్చాడు. పొద్దున పీరా ఏసుమణి సేకరించిన మొక్కలను పాత పత్రికల మడతల్లో పెట్టి అక్కడ నేల మీద ఆరేశాడు. మధ్యాహ్నం నుంచి వడగాలి రేగింది. ఒక్క కాగితం కూడా ఎగరలేదు. ప్రతి మడత మీదా కంకరరాయి ఉంది.

"నేను పెడతానన్నా ఇనలేదు సార్" అన్నాడు వెనకే వచ్చిన పీరా. "ఎవరివని అడిగింది. మీవి అంటి. అంతే, లేసి లేసి ఒక్కొక్క రాయీ ఏరుకొచ్చి పెట్టింది."

చివరి మడతకు రాయి దొరికినట్టు లేదు. దాని మీద ఆమె వక్కాకు తిత్తి ఉంది. మూతి తాడు బిగించి, మాసిన ఎర్రగుడ్డలోంచి సున్నపు డబ్బీ ఎత్తుగా కనబడుతూ, అంచులు అల్లాడుతున్న కాగితాన్ని అది ఇంకా అదిమిపట్టుకునే ఉంది.