ఎడమచేతి ముడి

రాతి మీద పరిచిన చేప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కత్తి మొనతో వీపు రెక్క వెనక నాలుగు పొలుసులు లేపి, తోరున్ వాటిని కాగితపు కవరులో వేసింది. కవరు మీద పొడవు, బరువు, నది మలుపు పేరు రాసింది. నదిలో సాల్మన్ పట్టినవాళ్ళంతా చేసే పనే ఇది. పొలుసు చూసి చేప పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్ళు పట్నంలో ఉన్నారు. అయితే ఈ చేపకు జాతకం చూడనక్కర్లేదు. తోక అంచులు అరిగి మొద్దుబారాయి, పక్క రెక్క మొండిగా ఉంది. పొట్ట చూస్తే కూర్చోబెట్టి మేపిన వాలకం. సముద్రంలో వలల పంజరం కట్టి పెంచే చేప ఇది, ఎక్కడో తప్పించుకుంది. తెల్లారినప్పటి నుంచి ఆమెకు దొరికిన రెండోది.

సముద్రపు పాయలో ఉన్న చేపల పంజరాలే ఊళ్ళో సగం మందికి తిండి పెడుతున్నాయి. తోరున్‌కి కూడా. ఆ పంజరాల వలలు బాగుచేసే షెడ్డులో ముప్పై రెండేళ్ళుగా పనిచేస్తోంది. అరవై ఏడేళ్ళ మనిషి. వెడల్పాటి భుజాలు, నైలాను దారం లాగి లాగి కాయలు కాసిన ఎడమచేతి వేళ్ళు. ఇవాళ ఆమెకు పనిలో ఆఖరి రోజు.

ఇలాంటి చేప దొరికితే ఊళ్ళో చాలామంది బంగాళాదుంపలతో వండుకుని తిని, మూతి తుడుచుకుని ఊరుకుంటారు. తోరున్‌కీ ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది. కానీ శరదృతువులో ఇవి నది చేపలతో కలిసి గుడ్లు పెడితే, నదికంటూ ఉన్న వంశం కాస్తా గంగలో కలిసిపోతుంది. ఆ నదంటే ఆమెకు ప్రాణం. అక్కడి నుంచే మత్స్యశాఖకు ఫోను చేసి చెప్పింది. తరువాత షెడ్డు మేస్త్రీ ఎగిల్‌కి చేసింది.

"కేకు తెస్తావనుకుంటే మా నెత్తిమీదికి ఇన్‌స్పెక్టర్లని తెస్తున్నావేంటి తల్లీ!" అన్నాడతను.

"కేకూ తెస్తాను. ముందు పంజరాల వలలు చూడ్డానికి గజ ఈతగాళ్ళని దింపు."

పని మానేవాళ్ళే అందరికీ కేకు తేవడం అక్కడి పద్ధతి. తోరున్ తెచ్చిన కేకు మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉంది, ఎవరూ కత్తి పెట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఎదురు బల్ల దగ్గర కూర్చునే యోరిద్ తలెత్తకుండా అంది:

"రేపటిదాకా ఆగలేకపోయావా? రేపు నువ్వుండవు. పడేది మేం."

"చేపలు ఆగవు కదే."

"రెండంటే రెండు చేపలు! ఏ ఊరి పంజరంలోవో ఎవడికి తెలుసు?"

ముప్పై రెండేళ్ళు కలిసి తిన్న తిండి ఒక్క పూటలో చేదయిపోతోందని తోరున్ దిగులు పడింది. ఇంత జరిగాక రేపటి నుంచి వీళ్ళు పలకరిస్తారా?

రెండు దాటాక ఎగిల్ నీళ్ళోడుతున్న వల ముక్కని తెచ్చి బల్ల మీద వేశాడు. "నాలుగో పంజరంలోది. ఈతగాళ్ళు కోసి తెచ్చారు."

మోచెయ్యి దూరేంత చిరుగు. ముగ్గురూ దాని అంచు కుట్టుని చూశారు. ముడులన్నీ ఎడమచేతి వాటానికి వాలి ఉన్నాయి. షెడ్డు మొత్తానికి ఎడమచేతివాటం ఒక్కరిదే. యోరిద్ మెల్లిగా ఆ కుట్టు మీద అరచెయ్యి పెట్టి కప్పేసింది.

"తాడు ఒరుసుకుని తెగుంటుందిలే," అంది.

తోరున్ ఆ చేతిని పక్కకి జరిపింది. "నా ముడే. మే ముప్పై ఒకటి సాయంత్రం వేసింది. మర్నాడు నదిలో వేట మొదలని నాకు ఒళ్ళు తెలీలేదు. ముడి జారకుండా దాని మీద వెయ్యాల్సిన రెండో ముడి వెయ్యకుండా పరిగెత్తాను."

నది కోసం పడ్డ ఆత్రమే నది మీదికి ముప్పు తెచ్చిందని తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో ముఖం మండిపోయింది.

ఎగిల్ గొంతు సవరించుకున్నాడు. "చిల్లు మూసేశారు. బయటపడ్డవి పంజరం చుట్టూనే తిరుగుతున్నాయట. వలలేసి ఇప్పటికే డెబ్బై దాకా పట్టారు. నది మొగ దగ్గర కూడా కాపలా పెట్టారు. నువ్వు రేపటిదాకా ఆగుంటే వందలు పోయేవన్నారు." మత్స్యశాఖకి పంపాల్సిన కాగితం తీసి, "కారణం రాయాలి మరి," అన్నాడు.

"రాయి. నా పేరే రాయి."

యోరిద్ లేచి కేకు కోసింది. మొదటి ముక్క తోరున్ చేతిలో పెట్టింది. "ముప్పై రెండేళ్ళకి ఒక్క ముడి! నా ముడులన్నీ ఈతగాళ్ళు చూడబోతే షెడ్డుకి తాళం వెయ్యాల్సిందే. తిను." తోరున్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తింది.

అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు ఆమె ఆ వల ముక్కని ఒళ్ళోకి తీసుకుంది. చిరుగులో సగం జాగ్రత్తగా కుట్టి, మిగతా సగం అలాగే వదిలేసి, కోటు తొడుక్కుంది.

"పొద్దున నదికి రా యోరిద్. కవర్లు నేను తెస్తాను."

"ఐదింటికా? పిచ్చా నీకు?" అంది యోరిద్. తరువాత, "కాఫీ నేను తెస్తాలే," అంది.

తోరున్ వెనక తలుపు మూసుకుంది. కొత్తగా చేరినవాళ్ళు పని నేర్చుకునే బల్ల పైన, గోడమేకుకి ఆ వల ముక్క వేలాడుతోంది. ఒక పక్క ఊడిపోయిన ఒంటి ముడులు, ఇంకో పక్క బిగించి వేసిన జంట ముడులు, కొసన ఇంకా ఆరని ఉప్పునీటి చుక్క.