సందు జనం కోరిన బల్లలు

మా ఆయనకు సెలూన్ ఉండేది. పాత మందిరం గోడకు ఆనుకుని ఒంటి గది. స్థలం మందిరానిది, కుర్చీ అద్దం మావి. ఒకరి చెవి దగ్గర కత్తెర ఆడిస్తూనే సందులో అందరి మంచిచెడ్డలూ మాట్లాడేవారు. మనిషి మంచివాడు. ఆ మంచితనంతోనే నాకు చిక్కంతా.

మందిరం గుమ్మటం బీటలు వారుతోంది. దాన్ని నిలబెట్టాలంటే చూడటానికి జనం రావాలి, వచ్చినవాళ్లకు బస, భోజనం, దారి చూపే మనిషి మన సందులోనే దొరకాలి, ఆ రాబడిలో కొంత మరమ్మతుకు పోవాలి అని సందు సంఘం అనుకుంది. పైనుంచి ఎవరూ మా నెత్తిన రుద్దలేదు. ప్లాను గీయడానికి వచ్చిన డిజైనరమ్మాయి కూడా ప్రతిదీ మమ్మల్నే అడిగేది. అందుకే ఆ పిల్లను తిట్టిపోయడానికి నాకు ఈనాటికీ నోరు రాదు.

ఒకరోజు సందు పటం గోడకు తగిలించి, తలా ఒక ఆకుపచ్చ స్టిక్కరు ఇచ్చింది. వచ్చినవాళ్లు కూర్చునే బల్లలు ఎక్కడుంటే బాగుంటుందో అక్కడ అంటించమంది. ఎవరూ కదల్లేదు. మా ఆయన లేచారు. ఎండ వేళ జనమంతా తన సెలూన్ నీడకే చేరతారు. బల్లలు వాకిట్లో పడితే గిరాకీ పెరుగుతుంది. అలా లెక్కేసుకుని, పటంలో తన సెలూన్ వెతికి, సరిగ్గా దాని మీదే అంటించారు. ఆయన అంటించాక ఇంకెవరు ఆలోచిస్తారు? టైలరు, బేకరీ అక్క, ఆఖరికి నేను కూడా, అందరం అక్కడే అంటించాం. పటంలో సెలూన్ కనపడకుండా పోయింది.

అనుమతులన్నీ వచ్చి, పని మొదలయ్యే ముందు సంగతి బయటపడింది. సెలూన్ పడగొట్టేస్తారు, ఆ చోట బల్లలు వేస్తారు, అక్కణ్ణించి గుమ్మటం మొత్తం కనిపిస్తుంది. సంఘం పెద్ద దగ్గరికీ మందిరం వాళ్ల దగ్గరికీ కాళ్లరిగేలా తిరిగాను. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, నిజంగానే బాధపడ్డారు. మళ్లీ గీస్తే మళ్లీ అనుమతులు, అందాకా గుమ్మటం ఆగదన్నారు. అబద్ధమని ఎలా అనను? డిజైనరమ్మాయి ఏడ్చేసింది.

"అందరూ ఆ చోటే కోరారు కదా పిన్నీ. మీకు ఇష్టమేననుకున్నాను."

ఇంటికొచ్చి, పోట్లాడమని ఆయన మీద పడ్డాను. ఆయన కత్తెరలు తుడిచి పెట్టెలో సర్దుకుంటున్నారు.

"ఎవరితో పోట్లాడను? ముందు అంటించింది నేనేగా," అన్నారు.

ఇప్పుడు జనం బాగానే వస్తున్నారు. గుమ్మటానికి మరమ్మతూ జరుగుతోంది. మా ఆయన ఇంటింటికీ వెళ్లి గడ్డాలు గీస్తున్నారు. మధ్యాహ్నం మాత్రం, నేను వద్దన్నా వినకుండా, వెళ్లి ఆ బల్ల మీద కూర్చుంటారు. నిన్న నేనూ పక్కనే ఉన్నాను. జనానికి దారి చూపే పని ఇప్పుడు బేకరీ అక్క కూతురిది. ఓ గుంపును వెంటేసుకొచ్చి, ఆయన దగ్గర వంగి, మొహమాటంగా చెప్పింది.

"బాబాయ్, ఏమీ అనుకోకండి. కాస్త అవతలికి జరుగుతారా? ఫోటోలో గుమ్మటానికి అడ్డం వస్తున్నారట."

ఆయన, "అయ్యో, దానికేముందమ్మా," అంటూ లేచి, సందు చివరిదాకా జరిగారు.